పెద్దామె ఖాతాలో పడ్డ ఏడుపు

మిష్రిఫ్‌లో నేను వంట చేసే ఇంట్లో పెద్దామె పోయిన మర్నాడు మా వాడు పోయాడు. చావుకి కాస్త తెలివుంటే బాగుండేది. ఆ వారం కాకుండా ఇంకెప్పుడు వచ్చినా, కనీసం నా కొడుకు మొహం చూసుకుని ఉండేదాన్ని.

పెద్దామె అంటే మా మామా వాళ్ళ అమ్మ. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసే మేం యజమానురాలిని మామా అంటాం, ఆవిడ భర్తని బాబా అంటాం. ముసలావిడని మామా కబీరా అనేదాన్ని, అంటే పెద్ద మామా. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. అరబీలో గాడిదా అనేది. ఖర్జూరాల డబ్బా తనే మంచం కింద దాచుకుని, దాచిన సంగతి మరిచిపోయి, దొంగతనం నా మీద పెట్టేది. పక్క సర్దుతుంటే గిల్లేది. పోయిన రోజు పొద్దున కూడా గిల్లే పోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, సాయంత్రానికల్లా ఆవిడంత దయగల మనిషి ఈ దేశంలోనే పుట్టలేదని ఇల్లంతా ఒకటే మాట.

ఇక్కడి ఇళ్ళలో మనిషి పోతే మూడు రోజులు పరామర్శలు. దాన్ని అజా అంటారు. ఆడవాళ్ళంతా లోపల హాల్లో, మగవాళ్ళంతా దివానియా అనే బయటి గదిలో కూర్చుంటారు. వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. పొయ్యి మీద కాఫీ మాత్రం ఆగకూడదు. యాలకులు, కుంకుమపువ్వు వేసి, చక్కెర లేకుండా కాస్తారు. ఆ కాఫీ చెయ్యడంలో చుట్టుపక్కల నాకు పేరు. నేను మాత్రం ఎన్నడూ ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు.

మేం మోర్మన్లం. గోదావరి పక్కన మా ఊళ్ళో ఆ మాట అంటే ఎవరికీ తెలియదు, తెల్ల చొక్కాల చర్చి అంటే చూపిస్తారు. మా ఆయన నన్నూ పిల్లవాడినీ వదిలేసిపోయిన ఏడాది తెల్ల చొక్కాలు వేసుకుని, టైలు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు మా వీధికి వచ్చారు. కాఫీ, టీ మానాలన్నారు. కొనుక్కునే స్తోమతే లేనిదానికి మానడం ఏం కష్టం? కుటుంబం చావుతో తెగిపోదు, పైలోకంలో కూడా తల్లి తల్లే, కొడుకు కొడుకే అన్నారు. మొగుడు వదిలేసినదానికి అంతకంటే మంచి కబురు ఏముంటుంది? నేను చేరాను, ఎనిమిదేళ్ళు నిండాక వాడూ బాప్తిస్మం తీసుకున్నాడు. పంతొమ్మిదో ఏట వాడు కూడా తెల్ల చొక్కా వేసుకుని ఊరూరా తిరిగి దేవుడి పని చేస్తానన్నాడు. చొక్కాలకి గుడ్డ ఇక్కడి ఫర్వానియా బజారులో నేనే కొని పంపాను.

అజా రెండో రోజు పొద్దున మా తమ్ముడు ఫోన్ చేశాడు. మా వాడు తడి చేతులతో నీళ్ళ మోటారు స్విచ్చి వేశాడట. అంతే.

"అక్కా, ఐసు పెట్టె తెప్పించాం. రేపు సాయంత్రం దాకా ఉంచుతాం. ఆపైన ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు. ఎలాగోలా బయల్దేరి వచ్చెయ్," అన్నాడు.

నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది. బాబా దివానియాలో ఉన్నాడు. ఇంటి పెత్తనమంతా ఆ మూడు రోజులూ మామా పెద్దకూతురిది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమెని వంటింట్లోకి పిలిచి చెప్పాను. ఆమె చెడ్డది కాదు. అదే నాకు మరీ ఒళ్ళు మండిన సంగతి. నా భుజం నిమురుతూ చెప్పింది.

"మా అమ్మకి మాత్రం చెప్పకు. ఇప్పుడు ఆమె గుండె ఇంకో చావు వినలేదు. అజా అయిపోగానే పాస్‌పోర్టు ఇప్పిస్తాను."

"రేపు సాయంత్రం పూడ్చేస్తారమ్మా," అన్నాను.

"నువ్వు వెళ్తే లేచి వస్తాడా? అల్లా రాసిందే అయింది. నువ్వు పోతే ఈ జనానికి కాఫీ ఎవరు పెడతారు చెప్పు," అని ట్రే అందుకుని వెళ్ళిపోయింది.

ఇంటి డ్రైవరు రాయచోటి ముస్లిం కుర్రాడు. నన్ను అక్కా అంటాడు. వాడు దివానియాలోకి వెళ్ళి బాబా చెవిలో వేసి వచ్చాడు.

"చుట్టూ పెద్దోళ్ళు కూచోనుండారక్కా. చెప్పినా. చెయ్యి ఎత్తి బాదేన్, బాదేన్ అన్యాడు. ఇంగ నేనేం జేసేది?"

బాదేన్ అంటే తర్వాత. చచ్చిన ముసలావిడకి మూడు రోజుల టైము ఉంది, నా కొడుక్కే లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ పోటు పొడిచేవాళ్ళు భుజం నిమిరి మరీ పొడుస్తారని ఆ రోజు తెలిసింది.

మర్నాడు సాయంత్రం తమ్ముడు వీడియో కాల్ చేశాడు. వంటింటి పక్కన బియ్యం బస్తాలు పెట్టే గదిలో నిలబడి చూశాను. పెట్టె కనబడింది, చొక్కా కాలరు కనబడింది. మొహం మీదికి ఫోన్ తిప్పేసరికి ఎవరిదో మోచెయ్యి అడ్డొచ్చింది. జరగండి, జరగండి అని మా తమ్ముడు అరుస్తున్నాడు. అప్పుడే కాఫీ పొంగిన వాసన వచ్చింది. నా కాళ్ళు వాటంతటవే పొయ్యి దగ్గరికి పోయాయి. పదేళ్ళ అలవాటు, కొడుకు చావుకి కూడా ఆగలేదు. మంట తగ్గించి వచ్చేసరికి మూత వేసేశారు. మట్టి పోస్తున్నారు.

అప్పుడు అరిచాను. ఆ అరుపు హాల్లోకి వినబడింది.

నల్ల అబాయాల్లో ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చేశారు. నేను నేల మీద కూలబడి ఉన్నాను. ఒకావిడ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఇంకొకావిడ తల నిమిరింది. అజ్జమ్ అల్లా అజ్‌రిచ్, అజ్జమ్ అల్లా అజ్‌రిచ్ అంటూనే ఉన్నారు. దేవుడు నీ దుఃఖానికి గొప్ప ఫలం ఇవ్వాలని అర్థం, చావింట్లో అయినవాళ్ళతో అనే మాట. ఎవరో కాఫీ కప్పు తెచ్చి పెదాలకి ఆనించారు. నేను తల తిప్పేసుకున్నాను. మా మతంలో తాగకూడదు కనక.

"చూశారా, పాపం, గుటక కూడా దిగడంలేదు," అంది ఒకావిడ. "ముసలమ్మని ఎంత ప్రేమించిందో."

అప్పటికిగాని నాకు తెలియలేదు, వాళ్ళు ఓదారుస్తున్నది ఏ చావుకో. మామా గుంపులోంచి వచ్చి నన్ను వాటేసుకుంది. నా అక్కచెల్లెళ్ళు కూడా ఇలా ఏడవలేదు, మా అమ్మని నిజంగా ప్రేమించినదానివి నువ్వొక్కదానివే అంటూ భోరుమంది. ఆమె భుజం మీదుగా పెద్దకూతురు నావైపు చూస్తోంది. నోరు తెరవకు అని ఆ చూపు. ఆ చూపు లేకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. నన్ను అంతమంది పట్టుకోవడం నాకు కావాలి. ఎవరి చావు పేరు చెప్పి పట్టుకుంటే నాకేం? ఆ ఒళ్ళోనే కడుపారా ఏడ్చాను.

బాబాకి ఆ సంగతి మళ్ళీ గుర్తే రాలేదు. అజా అయ్యాక పెద్దకూతురు పాస్‌పోర్టు ఇప్పిస్తానంది. మట్టిదిబ్బ చూడడానికి విమానం ఎందుకని వద్దన్నాను.

ఇక్కడ సెలవు శుక్రవారం కనక మా ప్రార్థన కూడా ఆ రోజే. అది జరిగే చోటికి వెళ్ళాను. అక్కడ నాతో పాటు కూర్చునేది ఎక్కువగా ఫిలిప్పీన్ ఆడవాళ్ళు. మంచివాళ్ళే. దేవుడికి పైన మంచి సేవకులు కావలసి వచ్చి నీ కొడుకుని పిలుచుకున్నాడు అంది ఒక సిస్టర్. పైన ఇప్పటిదాకా చచ్చినవాళ్ళు కోట్లమంది ఉంటారు, సేవకి నా ఒక్కగానొక్కడే దొరికాడా అని అడిగాను. ఆవిడ మళ్ళీ నా పక్కన కూర్చోలేదు. ఫర్వానియాలో ఇంకో చర్చికి వెళ్ళే మన తెలుగామె ఒకతి పరామర్శకొచ్చి, "మీది అసలు చర్చే కాదంటారు కదక్కా, బాబు ఎక్కడికెళ్ళాడో ఏవిటో," అంది. "నువ్వెళ్ళే చోటికి మాత్రం వెళ్ళడులే," అన్నాను. పైలోకంలో తల్లి తల్లే అన్న మాట నాకు ఇప్పటికీ నమ్మకమే. కాని పైలోకంలో ఫోన్ మోగదు, అమ్మా ఏం తిన్నావని ఎవడూ అడగడు.

నాకు మిగిలిన ఓదార్పల్లా మిష్రిఫ్ ఇంట్లోదే. ప్రతి గురువారం మామా దగ్గరికి చుట్టాలు వస్తారు. వచ్చినప్పుడల్లా నన్ను పిలిచేది. యల్లా, వచ్చి కూర్చో అనేది. ఇదే మా అమ్మ కోసం ఏడ్చిన మనిషి అని చూపించేది. జూలో జంతువుని చూపించినట్టే. మొదట్లో చూపించగానే ఏడుపొచ్చేది నాకు. వాళ్ళూ ఏడ్చేవాళ్ళు. కాస్త తేరుకున్నాక ముసలావిడ కబుర్లు చెప్పమనేవాళ్ళు. నాకు గిల్లుడూ గాడిదా తప్ప ఏం గుర్తుంటాయి? అందుకని మా వాడి సంగతులు చెప్పడం మొదలుపెట్టాను.

చేప తలకాయంటే ప్రాణమని చెప్పాను. అవునవును, అమ్మకి చేపంటే ఇష్టమే అంది మామా. పడుకుంటే పాదాలు మంచం బయటికి వేలాడేవి అన్నాను. అవును, ఎంత సర్దినా బయటికే పెట్టేది అంది. నవ్వితే కళ్ళు రెండూ మూసుకుపోయేవి అన్నాను. నిజమే అని అందరూ తలూపారు. చచ్చినవాళ్ళకి ఎవరి గుణాలైనా అతికిపోతాయి. అలా వారం వారం నా కొడుకు గురించి నోరారా చెప్పుకున్నాను. నా వచ్చీరాని అరబీలో చెబుతుంటే వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వినేవాళ్ళు. ఏ ప్రార్థనలోనూ దొరకని నిమ్మళం నాకు అక్కడ దొరికింది. ఏ వారం నుంచో తెలియదు, చెబుతున్నా కన్నీళ్ళు రావడం తగ్గింది. రాత్రి నిద్ర పట్టేది. అన్నం రుచి తెలిసేది.

ఒక రోజు పొద్దున మామా వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"రాత్రి అమ్మ కలలోకి వచ్చింది," అంది. "నవ్వుతోంది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. నువ్వు చెప్పేదాకా నాకు గుర్తే లేదు ఆ నవ్వు. మా పిల్లలకి కూడా చెప్పాను, అమ్మమ్మ అలా నవ్వేదని."

నా ఒళ్ళు భగ్గుమంది. గాడిదా అన్నా పడ్డాను, గిల్లినా పడ్డాను. మొహం చూడనివ్వకపోయినా పడ్డాను. నా కొడుకు నవ్వు తీసుకెళ్ళి ఆ ముసలిదాని మొహానికి అతికించి, మనవలకి పంచుతోంది. ఇంకెవరికీ తెలియని నవ్వు అది. ఇక మింగలేకపోయాను.

"అది మామా కబీరా నవ్వు కాదు మామా. మా అబ్బాయిది," అన్నాను.

"ఏ అబ్బాయి?"

చెప్పాను. మోటారు సంగతి, ఐసు పెట్టె సంగతి, కాఫీ పొంగిన సంగతి, అన్నీ. పెద్దకూతురు సంగతి కూడా దాచలేదు. మామా అయ్యో అంటుందనుకున్నాను.

"మరి మా అమ్మ కోసం?" అంది.

"ఏడవలేదు మామా."

"కొంచెం కూడానా?"

"ఒక్క చుక్క కూడా."

ఆమె మొహం నిజంగానే తల్లి పోయినదాని మొహంలా అయింది. లేచి వెళ్ళిపోయింది. జాలి వేయలేదు నాకు. కడుపులో చల్లగా ఉంది.

ఆ గురువారం నన్ను పిలవదనుకున్నాను. పిలిచింది. చుట్టాలందరి ముందూ నిలబెట్టి, మనకి అప్పుడు తెలియలేదు, ఆ అజా రోజుల్లోనే ఈమె కన్నకొడుకు పోయాడు అని చెప్పింది. అలా చెప్పడానికి మనసుండాలి, కాదనను. ఆడవాళ్ళంతా లేచి వచ్చారు. అవే చేతులు, అవే అత్తరు వాసనలు, అదే మాట. అజ్జమ్ అల్లా అజ్‌రిచ్. ఇన్ని నెలలకి ఆ మాట సరైన చావుకి వచ్చింది.

నా కంట్లో చెమ్మైనా లేదు.

వాళ్ళు కాసేపు చూశారు. పట్టుకున్న చేతులు ఒకటొకటే వదిలాయి. వెళ్ళి కూర్చున్నాక ఒకావిడ పక్కావిడతో అంది, నాకు అరబీ అంతగా రాదనుకుని: "పరాయి ముసలమ్మకి అంత ఏడ్చింది. కన్నకొడుక్కి ఒక్క చుక్క రాలేదు. ఎలాంటి తల్లో."

మామా నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గర మెల్లగా చెప్పింది. "ఇప్పుడు ఏడువు. ఇప్పుడు అందరికీ తెలిసింది కదా, వాడి కోసమే ఏడువు."

"ఖలాస్ మామా," అన్నాను. "వాడి ఏడుపంతా మీ అమ్మకే పెట్టేశాను."