అరువిచ్చిన వయసు

లువాన్ అన్న బతుకంతా ఆ నూలు మిల్లులోనే గడిచింది. మగ్గాలు ఆడినన్నాళ్లూ నేతపని, మూతపడ్డాక గేటు కాపలా. ఎదురుగా టీ అమ్ముకునేదాన్ని కాబట్టి రోజూ చూస్తూనే ఉన్నాను. ఎవరేమడిగినా కాదనలేడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా హైఫాంగ్‌లో పాత మిల్లులన్నీ పడగొట్టి అద్దాల మేడలు లేపుతుంటే, ఖాయ్ అనే కుర్రాడు దీన్ని కొని, పడగొట్టకుండానే కంప్యూటర్ల ఆఫీసు చేస్తానన్నాడు. డిజైన్ చేసిన అమ్మాయి ట్రాం. దారం పోగు కనబడాలని రంపప్పళ్లలా కట్టిన ఆ కప్పును చూసి మురిసిపోయింది.

"పగలు లైటే అక్కర్లేదు పిన్నీ! దీన్ని కూల్చడానికి చేతులెలా వస్తాయి?" అంది నా బెంచీ మీద కూర్చుని. గోడలు, ఇనప స్తంభాలు ఉంచేసింది. తీసేసిన అడ్డుగోడల ఇటుకల్లో మిగిలినవి లువాన్ అన్నకిచ్చింది.

ఆయనకవి బంగారమే. రోడ్డు వేసినప్పుడల్లా ఆయన ఇల్లు ఇంకాస్త పల్లమైపోయింది, వానొస్తే నీళ్లు లోపలికే. భార్య థోమ్ వదిన పక్షవాతం వచ్చి కాలీడుస్తూ ఆ నీళ్లలోనే తిరుగుతుంది. నేల ఎత్తు చేయించాలన్నదొక్కటే ఆయన కోరిక.

ఇంతలో ఖాయ్ వచ్చాడు.

"బాబాయ్, ఈ ఏడు నా వయసుకి కట్టడం అచ్చిరాదట. మీది భేషుగ్గా ఉందట, అరువివ్వండి. మిల్లు మీకమ్మినట్టు ఉత్తుత్తి కాగితం రాస్తా, తొలి సమ్మెట దెబ్బ మీరే వెయ్యండి. పనవగానే మళ్లీ కొనుక్కుంటా."

"అన్నా, ఇస్తే ఆ పని తెమిలేదాకా నీ ఇంట్లో తాపీ ముట్టకూడదు," అన్నాను. "ముందు నీ నేల చూసుకో."

"ఆర్నెల్లేగా చెల్లీ. తిండి పెట్టిన మిల్లు."

తెల్లచొక్కా వేసుకుని, అగరొత్తులు వెలిగించి, దెబ్బ వేశాడు. "ఓనరు గారూ, టీ లోపలికి పంపమంటారా?" అని వీధంతా ఏడిపించాం. సిగ్గుపడి నవ్వాడు.

పాత గోడల పునాది కుంగిందని తేలింది. పని సాగింది, సాగింది, ఆగిపోయింది. ఖాయ్ కంపెనీ మునిగింది. మనిషి ఐపు లేదు, ఫోను లేదు. మిల్లును బ్యాంకు వేరేవాళ్లకి అమ్మేసింది. గోడలతోపాటు కాపలా మనిషినీ వాళ్లు ఉంచుకున్నారు.

లువాన్ అన్న ఆ కొత్తవాళ్లని చేతులు కట్టుకుని అడిగాడు. "బాబూ, ఖాయ్ నా దగ్గర తిరిగి కొనలేదు. మీరైనా..."

"మేం బ్యాంకు దగ్గర కొన్నాం తాతా. నీ దగ్గర కాదు."

నాకు ఉక్రోషం ఆగలేదు. తిన్నగా అన్న ఇంటికెళ్లాను. "ఈ వయసు అరువు పట్టింపులన్నీ ఎవరు చూడొచ్చారు వదినా? రేపే మేస్త్రీని తీసుకొస్తా."

"నోర్ముయ్. అరువు తీరాలంటే అమ్మినవాడే కొనాలి. ఈలోపు ఇక్కడ కడితే ఆయన ప్రాణం మీదికొస్తుంది. ఆయన లేకుండా పొడినేల నేనేం చేసుకోను?"



ఈ వానాకాలం నీళ్లు మంచం పట్టెల్ని తాకాయి. ఆయన ట్రాం ఇచ్చిన ఇటుకల గుట్టలోంచి కొన్ని తెచ్చి, "మంచంకోళ్ల కింద పెడితే కట్టడం కాదుగా?" అని బతిమాలాడు. సున్నం, సిమెంటు లేకుండా అయితే సరేనంది వదిన. వాన పెద్దదైనప్పుడల్లా ఇంకో వరస పెట్టాడు.

ఇప్పుడు థోమ్ వదిన కాళ్లు నేలకందవు. పొద్దున్న ఆయన గేటుకెళ్తే, తిరిగొచ్చి దించేదాకా ఆ మంచం మీదే కూర్చుని ఉంటుంది.