రెండోవాడి శాలువా

మా దుర్గాపూర్ బొగ్గుగని కాలనీలో ఏటా జరిగే పదిమైళ్ల పరుగుపందేనికి ఒక రివాజు ఉంది. గెలిచినవాడికి రెండోవాడే శాలువా కప్పాలి. వరసగా నాలుగేళ్లు నేనే కప్పాను, ఒకే మనిషికి. చివరి మైలులో నాకు ఊపిరందక వాంతి వచ్చేది. అతను మాత్రం అప్పుడే బయల్దేరినవాడిలా దాటిపోయేవాడు. నీకు కష్టపడటం చేతకాదని కోచ్ తిట్టేవాడు. నేనూ నమ్మాను.

తర్వాత అతను దేశానికే ఛాంపియన్ అయ్యాడు. కిందటేడు డోపింగ్ పరీక్షలో దొరికిపోయాడు. మా కాలనీ పందేలప్పటి నుంచే సూదిమందు తీసుకుంటున్నానని ఒప్పుకున్నాడు. అంటే నాలుగేళ్లు నా గెలుపును నా చేతులతోనే అతనికి కప్పానన్నమాట.

నిషేధం పడి ఇంటికొచ్చిన మనిషికి కాలనీవాళ్లు సన్మానం పెట్టారు. కమిటీ పెద్దాయన నాకు ఫోన్ చేశాడు.

"అందరు తీస్కుంటరు తమ్మీ. పాపం, గీనొక్కడే దొరికిండు. శాలువా నువ్వే కప్పాలె, రివాజు గదా."

వెళ్లాను. వేదికెక్కి శాలువా మడత విప్పాను. అతను ఎప్పటిలాగే మెడ వంచాడు. నేను దాన్ని నా భుజాల మీద కప్పుకున్నాను.

మెట్లు దిగి వెనక్కి చూస్తే, ఆ మెడ ఇంకా వంగే ఉంది.