నేను కనిపెట్టిన పన్నెండు డైకులు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన మొదటి రెండు మూడేళ్లలో, నాకు భూమి మీద తిరిగే మనుషుల కంటే భూమి కింద పడున్న రాళ్ల మీదే నమ్మకం ఎక్కువ. రాయి అబద్ధం చెప్పదని నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను కూడా. (రాయి చెప్పదు, నిజమే. దాని మాట వినేవాళ్ల సంగతే ఎక్కడా రాసుకోలేదు.) మా చౌటుప్పల్‌లో నాతో చదివిన వాళ్లంతా మందుల కంపెనీ బస్సెక్కి ఉద్యోగాలకు పోతుంటే, నేను భూమి పైపొర మీద పరిశోధన అంటూ హైదరాబాదులో చేరాను. చేరిన ఏడాదిలోనే ఒక పరికరాన్ని కింద పడేసి, ఇంకోదాన్ని వానలో తడిపి మంచి పేరు తెచ్చుకున్నాను. నాకు గైడుగా ఉన్న పెద్దసారు ఒకరోజు పిలిచి నెమ్మదిగా చెప్పారు. "ఇదే ఆఖరు మోక. ఈసారి పటం సరిగ్గ రాకపోతే నిన్ను బయటికి పంప. లాబ్‌ల కూసొని రాళ్లపొడి జల్లెడ పట్టాలె." గుట్టలు తిరిగే ఈ పని కోసం ఇంట్లో ఆరు నెలలు పోట్లాడిన దాన్ని. జల్లెడ పట్టే మాటైతే మా అమ్మ వంటింట్లోనే పట్టేదాన్ని కదా అని ఆ రోజంతా ఏడుపొచ్చింది.

పని మక్తల్ దగ్గర. అక్కడ ఎర్రటి గ్రానైటు రాతి మధ్యలోంచి ఒక నల్లటి గుట్టల వరస కట్ట వేసినట్టు పోతుంది. ఎప్పుడో భూమి పైపొర పగిలితే ఆ పగులులోకి కరిగిన రాయి ఎగదన్ని గడ్డకట్టింది, దాన్నే మేము డైకు అంటాము. ఆ నల్లగుట్ట ఒక చోట జొన్నచేల కింద మునిగిపోతుంది. కిలోమీటరు దూరంలో, కొంచెం పక్కకు జరిగి, ఇంకో నల్లగుట్ట లేస్తుంది. రెండూ ఒకటేనా, వేరువేరా అన్నది తేల్చాలి. వేరని పెద్దసారి అనుమానం, ఒకటేనని నా మొండితనం. నల్లరాతిలో ఇనుపపాలు ఎక్కువ కాబట్టి మట్టి కింద ఉన్నా దాని అయస్కాంత బలం పైకి తెలుస్తుంది. ఆ బలాన్ని కొలిచే మిషను వీపున కట్టుకుని చేను మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడవాలి. మిషను కన్ను ఒక గొట్టం చివరన సరిగ్గా నా తల మీద ఉండేది. దాని దగ్గర ఇనుము అనేది ఉండకూడదు. అదొక్కటే నియమం.

ఆ నియమాన్ని నేను ఎంత కఠినంగా అమలు చేశానో గొర్లతాతను అడగాలి. ఆ చేలల్లో మందను మేపుకునే ముసలాయన, తోడుగా నడిచి గుర్తుకు సున్నం పెట్టడానికి కూలికి ఒప్పుకున్నాడు. మొదటి రోజే ఆయన కత్తి, గొడ్డలి, డబ్బా ఫోను, చివరికి మొలతాడుకున్న తాళంచెవి కూడా తీయించి దూరంగా తుమ్మచెట్టు కింద పెట్టించాను. "తోడేలొస్తే నీ మిషను కొడుతదా బిడ్డా?" అన్నాడు. అంతటితో ఊరుకున్నానా, ఆయన తోలుచెప్పులకు మేకులున్నాయని అవి కూడా విప్పించి నా హవాయి చెప్పులిచ్చాను. సగం పాదం బయటపెట్టుకుని పల్లేరుకాయల్లో మూడు రోజులు నడిచాడాయన. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం సైన్సంటే ఇదీ అని గర్వంగా ఉండేది.

మంగళవారం సాయంత్రం మక్తల్‌లోని కిరాయి గదిలో కొలతలన్నీ కంప్యూటరుకు ఎక్కించాను. పటం చూసి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. ఒక్క డైకు కాదు, పన్నెండు. పక్కపక్కనే, ఎంతో వరసగా, ఉత్తరం నుంచి దక్షిణానికి పన్నెండు చారలు. సముద్రం అడుగున ఇలాంటి అయస్కాంత చారలుంటాయని చదివాను. జొన్నచేల కింద ఉన్నాయని లోకానికి చెప్పబోయేది నేనే. పెద్దసారికి పటం పంపించాను. పది నిమిషాలకు జవాబొచ్చింది. "శుక్రవారం పొద్దున నేనే వస్తున్న. అప్పటిదాకా ఎవ్వరికీ చెప్పకు." ఇంత పెద్ద సంగతి బయటికి పొక్కకూడదని ఆయన జాగ్రత్త పడుతున్నారనుకున్నాను. (ఆయన జాగ్రత్తంతా నా పరువు గురించి అని తట్టలేదు.)

బుధవారం పొద్దున, ఎవ్వరికీ చెప్పకన్నారు కానీ గొర్లతాత ఎవ్వరిలో లెక్క కాదని, పటం ఆయనకు చూపించాను. తాత చాలాసేపు చూశాడు.

"గిది దున్నిన సాళ్ల లెక్కుంది బిడ్డా."

"సాళ్లు కాదు తాతా, రాళ్లు. భూమిల పన్నెండు నల్లకట్టలున్నయి."

"ఇన్నేండ్లు గొర్లను మేపిన, గింత సక్కని రాళ్లు నేనెక్కడ జూడలే. భూమి గింత సక్కగ గీతలు కొట్టదు. మనిషి కొడ్తడు. నువ్వు గిట్లవోయి గట్ల తిరిగి రాలే? ఎన్నిసార్లు పోయినవ్?"

లెక్క పెట్టాను. పోయింది పన్నెండు సార్లు, వచ్చింది పన్నెండు సార్లు. ఉత్తరానికి నడిచిన ప్రతిసారీ కొలత ఎక్కువ, దక్షిణానికి తిరిగిన ప్రతిసారీ తక్కువ. కాళ్ల కింద భూమి కదిలినట్టయింది (భూకంపం కాదు, అది నాకు మాత్రమే వచ్చింది). ఎవరి ఒంటి మీదనో ఇనుముంది, మనిషి తిరిగిన కొద్దీ అది కొలతను అటూ ఇటూ లాగుతోంది. ఎవరి ఒంటి మీద అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దిక్సూచి తీసి తాత చుట్టూ తిరిగాను. చేతికర్ర, గొంగడి, తలరుమాలు, నోట్లో ఉన్న రెండు కట్టుడు పళ్లు కూడా చూశాను. ముల్లు చలించలేదు. ఆయన ఓపిగ్గా నోరు మూసి, దిక్సూచి తన చేతికి తీసుకున్నాడు.

"అందర్ని నువ్వు జూస్తివి. మరి నిన్ను ఎవలు జూడాలె?"

నా కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. చెప్పుల దగ్గర ముల్లు నిలకడగా ఉంది, నడుము దగ్గర నిలకడగా ఉంది. తల దగ్గరికి రాగానే గిర్రున తిరిగింది. తాత తుమ్మచెట్టు కిందికి పోయి తన తోలుచెప్పులు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

నా తల మీదున్నది మా అమ్మ ఎండకని దూదిపెట్టి కుట్టిచ్చిన తెల్లటోపీ. కుట్లు విప్పితే దూది మధ్యలో వేలెడంత మేకు బయటపడింది. వెంటనే తుమ్మచెట్టు కింద పెట్టిన నా ఫోను తీసి అమ్మకు చేశాను.

"అమ్మా, టోపీల ఏం కుట్టినవ్?"

"గుర్రంనాడ మేకు. ఎంత తిరిగితే దొరికిందో. ఎందుకు, ఊసిపోయిందా?"

"నా నౌకరి ఊసిపోతాంది. ఇనుము ఉండొద్దని చెప్పలేదా నీకు?"

"గుట్టలెంబడి ఒక్కదానివి తిరుగుతవు. గాలి గిట్ల సోకుతదేమో అని. నేనైతే నీ ఎంబడి రాలేను గద బిడ్డా, అదన్న ఉంటదని పెట్టిన."

పోట్లాడదామని మాటలన్నీ సిద్ధం చేసుకున్నదాన్ని, "తిన్నవా?" అని అడిగి ఫోను పెట్టేశాను.

ఇక రెండు రోజులే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి ఇరవై నాలుగు వరసలు నడవాలి. టోపీ తీసేసి తాత తలరుమాలు చుట్టుకున్నాను. తాత తోలుచెప్పులు విప్పి మళ్లీ నా హవాయి చెప్పులేసుకున్నాడు. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. మూడు రోజుల పని రెండు రోజుల్లో, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా చేశాము. గురువారం సాయంత్రం పటంలో పన్నెండు చారలూ మాయమయ్యాయి. వాటి చోట ఒకే ఒక్క నల్లటి పట్టె, ఈ గుట్ట దగ్గర మునిగి, చేను నడుమ మోచేయిలా వంగి, ఆ గుట్ట దగ్గర తేలింది.

శుక్రవారం పెద్దసారు రాగానే ముందు మేకు చేతిలో పెట్టి, తర్వాత పటం పెట్టాను. ఆయన మేకును తిప్పి చూశారు. "పన్నెండు చారలు జూసినప్పుడే ఇనుమనుకున్న. గొర్లాయన కత్తి అనుకున్న" అన్నారు. పటాన్ని మాత్రం చాలాసేపు చూసి, సరిగ్గా ఆ మోచేతి వంపు మీద వేలు పెట్టారు. "ఈడ తవ్వుదమా? గ్రానైటు వస్తే మాత్రం జల్లెడ సిద్ధంగ ఉంది."

చేను గలాయన సరేనన్నాడు. తాత నా వైపు చూసి, "ఇప్పుడన్న ఇనుము తేవచ్చునా బిడ్డా?" అని అడిగి, గడ్డపార తెచ్చాడు. మోకాలు లోతు దాకా మట్టే వచ్చింది. ఇంకో జానెడు మట్టే. అప్పుడు గడ్డపార ఖంగుమంది. తాత వంగి మట్టి తుడిచి, ఒక పెళ్ల కొట్టి పైకిచ్చాడు. లోపల కొత్తగా విరిగిన చోట నల్లగా, సన్నగా మెరుస్తూ ఉంది. పెద్దసారు దాన్ని చేతిలో బరువు చూసి, "ఒకటే కట్ట. నాదే తప్పు. జల్లెడ ఇంకొకరికి ఇస్తలే" అన్నారు. చేను మధ్య నిలబడి ఏడ్చాను, నవ్వాను, తాత కాళ్లకు మొక్కాను. అమ్మకు ఫోను చేసి చెబితే, "జూసినవా, మేకు పనిచేసింది" అంది.

ఇప్పుడు నేను చంద్రుడి నేల మీది అయస్కాంత పటాలు చదివే పనిలో ఉన్నాను. కొలిచే పరికరాన్ని అంత పొడుగు కర్ర కట్టి అంతరిక్ష నౌకకు దూరంగా ఎందుకు పెడతారని పిల్లలు అడిగితే, తల్లి కుట్టిన టోపీ కథ చెబుతాను. మొన్న నా విద్యార్థిని ఒకమ్మాయి మొదటిసారి కేతేపల్లి దిక్కు గుట్టలకు పోతుంటే, అలవాటు కొద్దీ ముందు నా చుట్టూ, తర్వాత ఆమె చుట్టూ దిక్సూచి తిప్పాను. భుజం సంచి పట్టీ దగ్గర ముల్లు తిరిగింది. పిల్ల తల వంచుకుని, "మా అవ్వ కుట్టింది మేడం" అంది. మేకు తీసుకుని, తిరిగొచ్చేదాకా నా దగ్గర భద్రంగా ఉంటుందని చెప్పి, సొరుగులో నా మేకు పక్కన పెట్టాను. సొరుగు మూస్తుంటే మక్తల్ గదిలో మంచం మీద నుంచి లేచి నిలబడ్డ అప్పటి నేను గుర్తొచ్చాను. ఆ తర్వాత నిజమైనవి చాలానే కనిపెట్టాను కానీ, ఆ లేని పన్నెండు డైకులు చూసిన సాయంత్రమంత సంతోషం మళ్లీ రాలేదు.