కథాసంగ్రహంలో లేని ముగింపు

మా స్కూలు వంటశాలలో పదిహేనేళ్లుగా నా పక్కన నిలబడి ముల్లంగి తరుగుతున్న కుజుమి తొకియే నవలలు రాస్తుందని నాకు తెలిసింది ఆమెకు బహుమతి వచ్చినప్పుడు కాదు, అది పోయేలా ఉన్నప్పుడు.

"అక్కా, మూడింటికి నాతో స్టేషన్ దాకా రావాలి. టోక్యో నుంచి ఒకాయన వస్తున్నాడు. సాక్షి ఉంటే మంచిది" అంది.

"పెళ్లిచూపులా?" అన్నాను. తనకు యాభై రెండేళ్లు. నవ్వలేదు.

దారిలో చెప్పింది. కుర్రకారు చదివే బొమ్మల నవలలు, అవే లైట్ నవలలు, వేసే సంస్థ ఒకటి కొత్త రచయితలకు ఏటా పోటీ పెడుతుంది. మగ కలంపేరుతో పంపితే ఈసారి మొదటి బహుమతి వచ్చింది. ప్రకటనకు ఇంకా పది రోజులుంది. ఈలోగా ఆ నవల ఆమె రాసింది కాదేమోనని సంపాదకుడికి అనుమానం వచ్చింది. అది తీరకపోతే బహుమతి రద్దు.

స్టేషన్ ఎదుటి కాఫీ కొట్టులో హతనో అనే ఆ సంపాదకుడు రెండు చేతులతో పేరు కార్డు అందించాడు. కార్డు తీసుకున్న తొకియే చేతుల మీది కత్తి గాట్లనే చూశాడు.

"కుజుమి గారూ, మీ నవలలో సొరంగంలో రైలు నడిపే అమ్మాయి చివరికి ఏమవుతుంది?"

"సొరంగంలోనే ఉండిపోతుంది."

"నవలలో అంతే. మీరు జతచేసిన కథాసంగ్రహంలో మాత్రం రైలు బయటికొచ్చి సముద్రం కనిపిస్తుంది. సంగ్రహంలో ముగింపు కూడా చెప్పాలని నియమం పెట్టాం. రాసినవాళ్లకే తమ ముగింపు తెలియదంటారా?"

తొకియే మేనకోడలు కాలేజీలో సాహిత్యం చదువుతోందని నాకు అప్పుడే గుర్తొచ్చింది; రాసింది ఆ పిల్ల కాదు కదా అనుకున్నాను.

"కావాలనే అబద్ధం రాశాను. మొదటి వడపోతలో సంగ్రహం ఒక్కటే చూస్తారట, ఆ చూసేవాళ్లెవరో నాకు తెలీదు. ముగింపు కొట్టేస్తారని."

హతనో కప్పు కింద పెట్టాడు. "అంటే మేం దొంగలమా?"

"నేను దొంగనేమో చూడ్డానికి మీరు రెండు గంటలు రైల్లో వచ్చారు కదండీ. నేనేమైనా అన్నానా?"

నాకు నవ్వొచ్చి కిటికీ వైపు తిరిగాను.

"మాట మీద ఎలా నమ్మమంటారు?" అన్నాడతను.

తొకియే సంచిలోంచి ఏడు కాగితాలు తీసింది. ఓడిపోయినవాళ్లకు ఆ సంస్థే పంపే సమీక్షలు. ఏడేళ్లవి, ఏడు నవలలవి, అదే కలంపేరు మీద. ప్రతిదాంట్లోనూ ఒక వాక్యం ఉంది: సంగ్రహం నవలతో సరిపోలలేదు, మార్కులు తగ్గించాం.

"ఏడుసార్లు చెప్పినా మార్చలేదా!" అన్నాడు హతనో.

"మార్కులు పోతే వచ్చే ఏడు ఇంకోటి రాసుకుంటాను. ముగింపు పోతే?"

అతను ఏడూ చదివాడు. తేదీలు కూడా చూశాడు.

"సరే. రాసింది మీరే. అయినా మీ సంగ్రహాలను నమ్మి ముందుకెళ్లడానికి నాకు ధైర్యం చాలడం లేదు. బహుమతి నవలకు రెండో భాగం ఉంటుంది. బొమ్మలు వేసేవాళ్లకు ఆ కథ ముందే చెప్పాలి. ముగింపుతో సహా ఇక్కడే రాసివ్వండి. లేకపోతే ప్రకటన ఆపమంటాను."

తొకియే నావైపు చూసింది.

"ఇచ్చెయ్యవే. ఆయనేం తింటాడా!" అన్నాను.

ఎడమచేయి అడ్డం పెట్టుకుని రాసింది. నేను కాస్త వంగితే నావైపు కూడా మూసేసింది. అరగంట పట్టింది.

హతనో కాగితం అందుకున్నాడు, చదవలేదు. "ఇది నిజమేనా?"

ఆమె కాగితం వెనక్కి లాక్కుని, చివరి నాలుగు వరుసలు కొట్టేసి మళ్లీ రాసింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

అతను మొదటినుంచీ చదివి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ప్రకటన ఆగదు, కుజుమి గారూ" అంటూ లేచి తల వంచాడు.

తొకియే కూడా లేచి తల వంచింది. కళ్లు మాత్రం ఆ జేబు మీదే ఉన్నాయి.