ఎర్రగుడ్డ కట్టిన విమానం

మా మావయ్య పోయిన కబురు నాకు క్లాంగ్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతుండగా ఫోన్లో వచ్చింది. బాగన్ దాతుక్ ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని, వరండాలో కుర్చీలో కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడట. బంధువుల వాట్సాప్ గుంపులో ఆ కబురు కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి కిందే ఎవరో, మా మలేషియాలో అందరికీ ఊతపదమైన 'లా' తగిలించి రాశారు: "పాపం, ఇంక మన సిలాంగ్‌ని కనిపెట్టుకుని ఉండేదెవరు లా?" దానికి నవ్వే బొమ్మలు కూడా పడ్డాయి. నేను టీ అక్కడే వదిలేసి లేచాను.

ఆ సిలాంగ్‌ని నేనే. మలాయ్ భాషలో ఆ మాటకు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటడం అని అర్థం. ఆ పేరు నాకు పెట్టింది మావయ్యే. ఎందుకు పెట్టాడో తమకు తెలుసని అందరూ అనుకుంటారు. అసలు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి కూడా చెప్తాను, అది చాలానే ఉంది.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత అందరిలా కోళ్ళు పెంచుకోకుండా, ఇద్దరు పట్టే చిన్న విమానాన్ని విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించుకున్నాడు. పామాయిల్ తోటల మధ్య ఒక గడ్డి రన్‌వే ఉంది, దాని పక్కన ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ రేకుల షెడ్లు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో దాన్ని తనే బిగించుకున్నాడు. పిల్లల్లేరు. ప్రతి శనివారం నేను క్లాంగ్ నుంచి కారు వేసుకుని వెళ్ళేదాన్ని. నలభై దాటిన ఆడదానికి చేతులకు గ్రీజేమిటని మా అమ్మ గొణిగేది. మావయ్య మాత్రం మొదటి రోజే నా చేతిలో స్పానర్ పెట్టాడు.

"ఒలమ్మీ, బోల్టుకి ఆడా మగా తెల్దు. బిగించినోల్లకి బిగుసుద్ది, అంతే లా."

ఆ మాట నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. మావయ్య దగ్గరే విమానం బాగుచేసుకోవడం నేర్చుకున్నాను, నడపడం కూడా మొదలుపెట్టాను. ఇద్దరం కలిసి చేసిన తెలివితక్కువ పనులకు లెక్క లేదు. ఒకసారి ఇంజినుకు నూనె మారుస్తూ మావయ్య కొత్త నూనె పోస్తున్నాడు, పోస్తున్నాడు, ఎంతకీ నిండదు. కిందికి చూస్తే ఆయన చెప్పులు నూనెలో ఈదుతున్నాయి. అడుగున బిగించాల్సిన బిరడా బల్ల మీద నింపాదిగా కూర్చుని ఉంది. "ఇంజినికి ఇరోసనాలు పట్టుకున్నాయమ్మీ" అని ఆ నూనెలోనే కూలబడి నవ్వాడు. ఇంకోసారి కళ్ళజోడు కోసం షెడ్డంతా వెతికించి, అత్తయ్య మీద అరిచి, చివరికి ఇంజిను మూత తీస్తే లోపల దొరికింది.

నేనూ తక్కువ తినలేదు. విమానం కడిగేటప్పుడు, వేగం కొలిచే సన్నగొట్టంలోకి నీళ్ళు పోకుండా దాని మూతికి టేపు అంటించాను. తీయడం మరిచిపోయాను. రన్‌వే మీద పరుగెడుతుంటే వేగం ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదు. మావయ్య ఇంజిను ఆపేసి, దిగి, టేపు పీకి నా నుదుటికి అంటించాడు. "పైన బస్టాపు నేదమ్మీ. కిందనే సూసుకోవాల" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

క్రిస్మస్‌కి చుట్టాలంతా చేరినప్పుడు ఈ కథలన్నీ ఆయనే చెప్పేవాడు. తన తప్పయితే రెండింతలు చేసి చెప్పేవాడు, నాదయితే సగానికి తగ్గించేవాడు. అందుకే ఆయన్ని గుడ్డిగా నమ్మాను.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది, అది మా తాత నుంచి వచ్చింది. తాత ఎస్టేటు కొబ్బరితోటలో చెట్లెక్కేవాడు. ఎక్కే ముందు చెట్టు మొదట్లో తన గుడ్డ కట్టేవాడట. గుడ్డ ఉందంటే పైన మనిషి ఉన్నాడని, కింద ఎవరూ నడవకూడదని. దిగినవాడే దాన్ని విప్పాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. మావయ్య దాన్ని విమానానికి తెచ్చాడు. ఏ బోల్టు విప్పినా, ఏ తీగ ఊడదీసినా, విప్పినవాళ్ళు అక్కడ తమ గుడ్డ కట్టాలి. పని ముగించి, సరిచూసుకున్నాకే ఆ కట్టినవాళ్ళే తీయాలి. ఆయనవి అత్తయ్య పాత చీరలోంచి చింపిన ఎర్ర పీలికలు. నావి మా అమ్మ బాతిక్ లుంగీలోంచి చింపిన నీలం పీలికలు. షెడ్డుకు వచ్చినవాళ్ళు అదేదో పండగ తోరణాలనుకుని నవ్వేవాళ్ళు, అంతకుమించి పట్టించుకునేవాళ్ళు కాదు.

మూడేళ్ళ కిందట, నేను క్లాంగ్‌లో ఉన్న వారంలో, రెక్కల చివరి పలకల్ని కదిపే కేబుళ్ళను మావయ్య ఒక్కడే మార్చాడు. శనివారం ఇద్దరం ఎక్కాం. క్లబ్బు ప్రెసిడెంటు, ముసలి చీనా ఆయన, బయట నిలబడి చూస్తున్నాడు. మావయ్య విమానాన్ని తిప్పే కర్రను ఎడమకు వంచాడు. అలా వంచితే ఎడమ రెక్క పలక పైకి లేవాలి. కుడి పలక లేచింది. ప్రెసిడెంటు రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. అలాగే పైకి వెళ్ళుంటే మేం ఇటు తిప్పితే విమానం అటు తిరిగేది. ఇద్దరం పామాయిల్ తోటలో పడి ఉండేవాళ్ళం.

మావయ్య సీటు కింద తల పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. కేబుళ్ళు ఒకదాని మీదుగా ఒకటి దాటి ఉన్నాయి. పక్కనే ఎర్రగుడ్డ ఇంకా కట్టి ఉంది. అంటే పని పూర్తిగా సరిచూసుకోనే లేదు. మావయ్య దాన్ని గబగబా విప్పి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు:

"ఈ ఒక్కపాలికి నీ మీదేసుకోమ్మీ. ముసిలోడినైపోనానని కలబ్బు కమిటీ వోల్లు ఇప్పటికే గొనుగుతున్నారు. నన్ను ఓపాలి దించేస్తే మల్లీ ఎక్కనివ్వరు. నీకు వయసుంది. కిస్మస్ దాటనీ, నానే ఎల్లి పెసిడెంటుకి సెప్పీస్తాను."

 నేను నోరు తెరిచేలోపే ఆయన బయటికి నడిచి, నవ్వుతూ ప్రెసిడెంటుతో మలాయ్‌లో అనేశాడు: "మా మేనకోడలు లా! సిలాంగ్ చేసి పెట్టింది!"

ఆ రోజు నుంచి ఏ విమానం మీదా చెయ్యి వెయ్యకూడదని కమిటీ నాకు చెప్పింది. నడపడం నేర్చుకోవడం కూడా అక్కడితో ఆగిపోయింది. మావయ్య ఎగురుతూనే ఉన్నాడు. నేను శనివారాలు షెడ్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసేదాన్ని.

క్రిస్మస్ వచ్చింది, దాటింది. ప్రెసిడెంటుకు చెప్పలేదు సరికదా, భోజనాల బల్ల దగ్గర రెండు గరిటెల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి అందరికీ సిలాంగ్ కథ చెప్పాడు. మిగతా కథల్లో మొదటి వెర్రివాడు తనే. ఈ ఒక్కదాంట్లో మాత్రం తను లేడు. ఏటేటా ఆ కథ మెరుగెక్కింది, నేను కేబుళ్ళు బిగిస్తూ ఫోన్లో మాట్లాడుతున్నానని కూడా చేరింది. ఒకసారి కారులో అడిగేశాను.

"మావా, ఎప్పుడు సెప్తావు?"

"ఏటి సెప్పాల?"

"ఆ కేబుల్ పని సేసినది నువ్వని."

ఆయన నా వైపు తిరిగి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు కాదేటి? టార్చి నీ సేతిలోనే ఉన్నాది కదమ్మీ!"

అబద్ధం ఆడాడో, ఆడీ ఆడీ నమ్మేశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. రెండోదే ఎక్కువ నొప్పిగా ఉంటుంది. అబద్ధమైతే కనీసం నిజం ఆయన దగ్గర ఉండేది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు జ్ఞాపకాలు చెప్పమన్నారు. నాకంటే ముందు లేచినవాళ్ళు సిలాంగ్ కథే చెప్పారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. నా వంతు వచ్చింది. పూలదండ వేసిన ఫొటోలో ఆయన విమానం పక్కన నిలబడి ఉన్నాడు. మావయ్య నా చేతికి మొదటి స్పానర్ ఇచ్చాడని చెప్పి కూర్చున్నాను. అది నిజమే. నిజమంతా మాత్రం కాదు.

తర్వాత వంటింట్లో అత్తయ్య గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఆ ఎర్రగుడ్డ నానే ఉతికినాను. ఆయన పేంటు జేబులో ఉన్నాది."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది.

"నీకు ముందునుంచీ తెలుసా అత్తా? మరి ఆ కథ సెప్పినప్పుడల్లా నవ్వినావేటి?"

"ఆయన మొకం సూసి నవ్వినాను. నీ మొకం సూడనేదు" అంది. తడి చేతుల్తోనే షెడ్డు తాళం తీసి నాకిచ్చింది. "ఇమానం నీకిమ్మన్నాడు. ఎల్లి సూసుకో."

నన్ను ముట్టుకోనివ్వని విమానాన్ని నాకిచ్చి వెళ్ళాడు! సరే, వెళ్ళాను. తలుపు తీసేసరికి పక్క షెడ్డులోంచి ప్రెసిడెంటు వచ్చాడు. పాపం, ఆయనకూ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మలాయ్‌లో మెల్లగా అన్నాడు, "చూడు, కానీ దేన్నీ ముట్టుకోకు లా, సిలాంగ్."

అప్పుడు చెప్పాను. కేబుళ్ళు దాటించింది నేను కాదని, మావయ్య అని, అక్కడ ఉన్నది ఎర్రగుడ్డ అని, నాది నీలమని, అంతా చెప్పాను.  ఆయన చివరిదాకా విన్నాడు. తల అడ్డంగా ఊపి, "మనిషి లేడు కదా. ఇప్పుడెందుకు ఆయన మీద వెయ్యడం?" అని వెళ్ళిపోయాడు. అత్తయ్యను అడగమనబోయి ఆగిపోయాను. ఆమె మళ్ళీ ఆయన మొహమే చూస్తుందని నాకు తెలుసు.

విమానం పొట్ట కింద నల్లనూనె నిండిన రేకుపళ్ళెం ఉంది. పోయే ముందు రోజుల్లో నూనె మార్చడం మొదలుపెట్టి ఉంటాడు. ఈసారి బిరడా మరిచిపోలేదు, పక్కన తువ్వాలు మీద పెట్టి ఉంచాడు. తీసిన చోట, ఇంజిను కింద, ఎర్ర పీలిక ముడి వేసి ఉంది.

నా సంచిలో నీలం పీలిక ఉంది. బల్ల మీద స్పానర్ ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముడి మీద చెయ్యి వేశాను. ఒక్క లాగు లాగితే ఊడేది. విప్పలేదు. కట్టినవాడే దిగొచ్చి విప్పాలని నాకు నేర్పింది ఆయనే. తలుపులోంచి తోటగాలి వచ్చినప్పుడల్లా ఆ ఎర్రగుడ్డ కదిలింది. కింద నేను కూర్చునే ఉన్నాను. మనిషి ఇంకా దిగలేదు.