మౌలాబీ పోసిన తోడు

మా వీధిలో పెరుగు తోడుకోవడానికి మజ్జిగ లేకపోతే ఎవరైనా ముందు తొక్కే గడప మౌలాబీదే. గిన్నె పట్టుకుని "వదినా, కాస్త తోడు పొయ్యవా" అంటే చాలు, చేతిలోని దబ్బనం పరుపుకు గుచ్చి లేచేది. చెంచాడు అడిగితే అరగిన్నె పోసేది.

పర్చూరుకు ఆరు మైళ్ల దూరంలోని మా ఊళ్లో వాళ్లది దూది ఏకే ఇల్లు. భర్త సుభానీ పోయాక కూడా ఆమె పరుపులు, దిండ్లు కుడుతూనే ఉంది. వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా మౌలాబీ చేతి ఆవాల దిండు వచ్చేది. ఎదురింటి కోటేశ్వరమ్మ కూతురు శ్రీదుర్గ తల అంత గుండ్రంగా కుదిరిందంటే అది తన దిండు చలవేనని నవ్వేది.

కరోనా రోజుల్లో కూతురు ఆయేషా పాఠాల కోసం ఇంట్లో వైఫై పెట్టించింది. ఆయేషాకు పెళ్లై తాడేపల్లి వెళ్లాక, మనవరాలిని వీడియోలో చూసుకోవడానికి దాన్ని అలాగే ఉంచింది. పాస్‌వర్డు ఆ వైఫై డబ్బా వెనక అచ్చేసి వచ్చిందే. ఎవరడిగినా డబ్బా తిప్పి చూపించేది.

"అందరికీ చెప్పమాకమ్మా" అనేవాడు కొడుకు యూసుఫ్. అతను పత్తి జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను.

"తోడు పోస్తే మన పెరుగేమన్నా తరిగిపోద్దంట్రా?" అనేది.

అలా వీధంతా ఆమె నెట్టు మీదే నడిచింది. జానకిరామయ్య మాస్టారి ప్రవచనాలు, కోటేశ్వరమ్మ సీరియళ్లు, నా భజనలు, అన్నీ అందులోనే. కోటేశ్వరమ్మ మేనల్లుడు కార్తిక్ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తూ ఆ ఇంట్లోనే ఉండేవాడు. అత్త ఊళ్లో లేనప్పుడు అతనికి టైఫాయిడ్ వస్తే మౌలాబీ వారం రోజులు జావ కాచి పోసింది. మంచంలో పొద్దు పోవడం లేదంటే, ఇంగ్లిషు రాని ఆ మనిషి డబ్బా వెనక అక్షరాలు ఒక్కొక్కటే కుట్టు వేసినట్టు కాగితం మీదకు దించి ఇచ్చింది.

మొన్న మాఘమాసంలో శ్రీదుర్గ పేరుతో, ఫొటోతో ఎవరో దొంగ ఖాతా తెరిచారు. పాడు రాతలు రాసి, ఆమె పాఠాలు చెప్పే కాలేజీ వాళ్లందరికీ పంపారు. ఆ పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఫిర్యాదు చేస్తే, ఆ ఖాతా నడిచింది మౌలాబీ ఇంటి నెట్టులోనని తేలింది. యూసుఫ్‌ను స్టేషనుకు పిలిచారు.

వీధిలో అందరికంటే పెద్ద గొంతు కార్తిక్‌దే. "ఏరా, ఎదురింటి ఆడపిల్లేరా నీకు దొరికింది?" అని యూసుఫ్ చొక్కా పట్టుకున్నాడు.

కోటేశ్వరమ్మ ఏడుస్తూ వచ్చింది. "నా బిడ్డకు దిండు కుట్టిన చేత్తోనే పెంచావా వదినా వాణ్ణి?"

"వాడే చేసుంటే నేనే అప్పజెప్తా. కానీ ఈ నెట్టు అందరూ వాడతన్నారుగా. ఆ ఒక్క మాట స్టేషన్లో చెప్పండి. నాకు తోడు రండి, చాలు."

ఆ మాటే మౌలాబీ గడప గడపకూ వెళ్లి అడిగింది. మాస్టారు "నాకు పేపరు తప్ప ఈ ఫోన్లు చేతకావమ్మా" అన్నారు. కోటేశ్వరమ్మ "మీ నెట్టు మేమెప్పుడు వాడాం?" అంది. నేను కూడా "నా ఫోన్లో డేటా ఉంటదిగా అక్కా" అన్నాను. అదే నోటితో సాయంత్రం దేవుడికి హారతి పాట పాడాను.

ఇన్నేళ్లు మా గిన్నెల్లో తోడు పోసిన మనిషి ఆ రోజు తోడు లేకుండా స్టేషనుకు బస్సెక్కింది.

మర్నాడు యూసుఫ్‌తో పాటు ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చింది. వసారాలో డబ్బా ముందు కూర్చుని, లాప్‌టాప్‌లో ఏదో తెరిచింది. వీధి వీధంతా అక్కడే మూగింది.

"మీ ఇంట్లో ఫోన్లు రెండే అన్నావు. ఇందులోకి పదమూడు ఎక్కాయి. ఎవరివమ్మా?"

మౌలాబీ తల వంచుకుంది. కానిస్టేబులే పైకి చదివింది. "జానకిరామయ్య ఫోన్. కోటేశ్వరమ్మ ఫోన్..." నా పేరు కూడా చదివింది. మౌలాబీ నా వైపు తిరిగి చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

"కార్తిక్ ఫోన్. ఇది ఇప్పుడు కూడా ఎక్కే ఉంది. ఎవరీ కార్తిక్?"

గుంపులోంచి వెనక్కి జరుగుతున్న అతన్ని యూసుఫే చూశాడు. ఫోన్ తీసుకుని చూస్తే దొంగ ఖాతా అందులోనే ఉంది. తనతో పెళ్లికి మరదలు శ్రీదుర్గ ఒప్పుకోలేదన్న కక్ష. తన సిమ్ములోంచి చేస్తే దొరికిపోతానని మౌలాబీ నెట్టు వాడాడు.

అతన్ని జీపెక్కిస్తుంటే ఆమె ఒక్క మాటే అంది. "నీకైతే నేనే రాసిచ్చా గదయ్యా."

కానిస్టేబుల్ వెళ్తూ చెప్పింది. "డబ్బా మీద రాసుండేది వాడకమ్మా. పొడుగ్గా, ఎవరూ ఊహించలేనిది పెట్టుకో. చుట్టాలొస్తే వాళ్లకు వేరేగా గెస్టు నెట్టు ఇచ్చి, వెళ్లగానే ఆపెయ్యి. ఎవరి ఫోన్లు ఎక్కాయో నెలకోసారి చూపించుకో. నీ పేరు మీదున్న నెట్టులో ఎవరేం చేసినా మేం ముందొచ్చేది నీ గుమ్మానికే."

ఆ సాయంత్రమే యూసుఫ్ పాస్‌వర్డు మార్చాడు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు క్షమించమని అడుగుదామని మౌలాబీ ఇంటికి వెళ్లి, నోరు రాక, దిండులో దూది మార్చమని అడిగి కూర్చున్నాను. అంతలో కోటేశ్వరమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది.

"వదినా, కాస్త తోడు..."

మౌలాబీ దబ్బనం గుచ్చి లేచింది. ఎప్పటిలాగే అరగిన్నె పోసింది. కోటేశ్వరమ్మ కదల్లేదు.

"పాస్‌వర్డు మార్చారంటగా. సీరియలు రావట్లా."

"మార్చాం వదినా."

"మాక్కూడా చెప్పవా?"

మౌలాబీ గొంతు పెంచలేదు. "మీరెప్పుడూ వాడలేదన్నారుగా."

కోటేశ్వరమ్మ గిన్నె పట్టుకుని గుమ్మం వైపు తిరిగింది. మౌలాబీ ఒక మూత వెతికి తెచ్చి దాని మీద పెట్టింది.

"వీధిలో దుమ్ము లేస్తంది. ఇంటికి పోయేదాకా మూత తియ్యమాక, అందులో పడిద్ది" అని, మళ్లీ నా దిండు ముందు కూర్చుంది.