చెట్టెక్కిన తీతువు

తీతువు పిట్ట చెట్టు మీద వాలదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ వసంతంలో పిట్టల్ని చూడటానికి నడికుడి వైపు బయల్దేరేవాళ్ళలో సగం మంది, తుమ్మ కొమ్మ మీద కూర్చున్న తీతువు ఫోటో ఒకటి చూసి బయల్దేరుతున్నారు. ఆ ఫోటో ఒక వారపత్రికలో అచ్చయింది. ఫోటో తీసినవాడూ, దాని పక్కన రెండు పేజీల యాత్రావ్యాసం రాసినవాడూ నరసరావుపేటలో ఒక ప్లీడరు. పేరు రాయను. రాస్తే నాకు నోటీసు పంపే పని ఆయనకి దొరుకుతుంది. ఈమధ్య వేరే పనేమీ లేదని విన్నాను. ఆయన నాలుగేళ్ళపాటు ఆదివారాలు నా వెంట పొలాల్లో నడిచాడు. పాలపిట్టకీ లకుముకికీ తేడా నా దగ్గరే నేర్చుకున్నాడు. అలాంటివాడు వ్యాసంలో ఏమని రాశాడంటే, ఈ ప్రాంతం వాళ్ళకి పిట్టల పేర్లు కూడా తెలియవట.

మా పఠన మందిరం కార్యదర్శి ఆ పేజీ కత్తిరించి అద్దాల బీరువాకి అంటించాడు. నేను కళ్ళజోడు సర్దుకుని చూశాను. తీతువుకి వెనక వేలు పేరుకే ఉంటుంది, కొమ్మని పట్టుకోలేదు. నేల మీద పరిగెత్తడానికి పుట్టిన కాలు అది. ముప్పై ఏళ్ళు మాచర్ల లైనులో స్టేషన్ మాస్టరుగా చేశాను. ఆలస్యంగా వచ్చే బండ్ల పుణ్యమా అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పిట్టల మీద దొరికినవన్నీ చదివాను, ప్లాట్‌ఫారం చివర నిలబడి కళ్ళతోనూ చూశాను. ఈ పిట్ట బతికి లేదని అక్కడే చెప్పాను. కార్యదర్శి అందరి వైపూ తిరిగి, "పక్కవాడికి మంచి కెమెరా ఉంటే పిట్టలు చచ్చిపోవాలా మాస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు నా పాత డబ్బా కెమెరా సంచిలో వేసుకుని బయల్దేరాను. నేల మీద కూర్చున్న, ప్రాణమున్న తీతువు ఫోటో తెచ్చి, ఆ బీరువాకే అంటించాలని నా పంతం.

గుంటూరులో తెల్లవారుజామున మాచర్ల ప్యాసింజరు ఎక్కండి. ప్లీడరు రాసిన సమయం తప్పు. అది నమ్ముకుంటే బండి వెనక వేలాడే ఎర్రదీపం కనపడుతుంది, అంతే. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే పొద్దుటెండ కళ్ళల్లో పడదు. వసంతంలో ఈ దారి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఒకవైపు, దూరంగా గుట్టల మీద మోదుగ పూల ఎరుపు మరోవైపు. టెలిగ్రాఫు తీగల మీద పాలపిట్టలు, గేదెల వీపుల మీద పసులపోలిగాళ్ళు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ పెట్టెల్లోకి వస్తుంది, కాసేపు కిటికీ దించుకోండి. ఎనిమిది గంటలకల్లా నడికుడిలో దిగుతారు.

స్టేషను బయట పూరిపాక హోటల్లో ఇడ్లీ తినండి, అల్లప్పచ్చడి బాగుంటుంది. హోటలు యజమాని ఇంకా అణాల్లోనే లెక్క చెబుతాడు. నా భుజాన సంచి చూడగానే, "మీరూ తుమ్మచెట్టు కోసమేనా?" అన్నాడు. మొన్న గుంటూరు నుంచి ఇద్దరు వచ్చి, ఆ చెట్టు కింద పొద్దుగూకేదాకా కూర్చుని వెళ్ళారట. పిట్ట వచ్చిందా అని అడిగాను. "పిట్ట రాలా. ఒకాయనకి వడదెబ్బ తగిలింది," అన్నాడు. అచ్చులో పడ్డ అబద్ధం ఎంత దూరం నడిపిస్తుందో చూడండి.

హోటలు నుంచి నాగులేరు వైపు బండిబాట పట్టుకుని గంట నడిస్తే నేను వెళ్ళిన పల్లె వస్తుంది. దారికి రెండు పక్కలా నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన కంచెలు, వాటి సందుల్లో పికిలి పిట్టల గొడవ. వాగులో అక్కడక్కడా మిగిలిన నీటి మడుగుల దగ్గర లకుముకి కనపడుతుంది. దాన్ని నా కెమెరా పట్టలేదు, నేను ప్రయత్నించనూ లేదు.

పల్లెలో దావీదు ఉంటాడు. నా కింద పాయింట్స్‌మన్‌గా చేసి, నాలాగే రిటైరై, ఇప్పుడు భార్య రాహేలమ్మతో కలిసి రెండెకరాల మెట్ట చేను కౌలుకి చేసుకుంటున్నాడు. నేను వెళ్ళేసరికి రాహేలమ్మ మజ్జిగ చేతికిచ్చింది గానీ, ఎప్పటిలా పలకరించలేదు. సంచిలోంచి కెమెరా తీయగానే ఆమె ముఖం ఇంకా ముడుచుకుపోయింది. అప్పుడు అడిగితే సంగతి బయటపడింది.

ప్లీడరు నెల క్రితం జీపులో వచ్చాడు. మెడలో జర్మనీ కెమెరా, పక్కన తుపాకీ పట్టుకున్న స్నేహితుడు. పొద్దున్నంతా వాగు ఒడ్డున తీతువుల జత వెంట తిరిగారు. తీతువు సంగతి తెలిసిందే, మనిషి అల్లంత దూరాన ఉండగానే అరిచి ఊరంతా లేపుతుంది. ఎండెక్కేసరికి వాళ్ళ ఓపిక అయిపోయింది. తుపాకీ పేలింది. ఆ తరవాత ప్లీడరు దావీదు ఇంటికొచ్చి, ఎంతో మర్యాదగా సూదీ దారం అడిగాడు.

"పెద్దమనిషి గందా, చొక్కా గుండీ ఊడిందేమో అనుకున్నానండి," అంది రాహేలమ్మ. "నల్లదారం ఉండ మొత్తం చేతిలో పెట్టా. ఎనకాలే నీళ్ళ చెంబు తీసుకుని పోయా. పోతే ఏంది, పిట్టని తుమ్మకొమ్మకి కట్టేస్తన్నాడు. రెప్ప వాలిపోతా ఉందని చీపురుపుల్ల ఇరిచి అడ్డం పెట్టాడండీ, కంటికి."

ఆ కన్ను పత్రికలో చూశాను. "నిర్భయంగా నన్నే చూస్తూ కూర్చుంది" అని దాని కింద రాసుకున్నాడు ఆ మహానుభావుడు. ప్రాణం తీసినవాడు ప్రాణి ధైర్యాన్ని మెచ్చుకోవడం కంటే సిగ్గులేని పని నేను చదివినవాటిలో లేదు.

అంతటితో అయిపోతే ఈ వ్యాసం ఇంత కోపంగా ఉండేది కాదు. ఇక్కడి కూలి జనం వలలు పన్ని పిట్టల్ని పట్టుకు తింటారనీ, తాను వెళ్ళకపోతే ఆ తీతువు కూడా కూరలో పడేదనీ ప్లీడరు రాశాడు, పల్లె పేరుతో సహా. దావీదు చేను కామందు, అంటే ఆ నేల సొంతదారు, ఈసారి పంచాయతీ ఎన్నికల్లో నిలబడబోతున్నాడు. ఊరి పేరు పత్రికలో అలా పడేసరికి మండిపోయి దావీదుని పిలిపించాడు. వాగుపక్క చేను నీదే, పిట్టలు పట్టిందీ మీవాళ్ళే అయి ఉంటారు, ఉగాదికి కౌలు ఇంకొకరికి ఇస్తానన్నాడు. దావీదు జరిగింది చెప్పబోతే, పేటలో పేరున్న ప్లీడరు అబద్ధం రాస్తాడా అని నోరు మూయించాడు. ఉగాది ఇంకో వారం ఉంది. ఆ రెండెకరాలు పోతే వాళ్ళకి సున్నపు బట్టీ కూలి తప్ప ఇంకో దారి లేదు, దావీదుకి దగ్గు. పంకా కింద కూర్చుని పక్కింటి వంటకం గురించి రాసినంత తేలిగ్గా రాశాడు ప్లీడరు, ఇక్కడ ఇంటి పొయ్యి ఆరేలా ఉంది.

వాళ్ళ చేలో తీతువు ఉందా అని అడిగాను. "ఆ జతలో మిగిలింది మళ్ళీ రాలా. ఇంకో జత మా చేలోనే గుడ్లు పెట్టింది," అన్నాడు దావీదు. నా పంతం అక్కడ మారిపోయింది. కార్యదర్శి బీరువా తరవాత సంగతి. వీళ్ళ చేలో, వీళ్ళ కళ్ళ ముందు, గుడ్ల మీద కూర్చున్న తీతువుని ఫోటో తీసి ముందు ఆ కామందుకి చూపించాలి.

చేను పల్లెకి దగ్గరే. కిందటి వారం పడ్డ వాన పదునుకి సగం దున్ని ఉంది. నేలంతా సున్నపురాయి ముక్కలు. పిట్ట అరుస్తూ లేచింది గానీ, గుడ్లు ఎక్కడున్నాయో నాకు కనపడలేదు. దావీదు చూపించాక కూడా మొదట కనపడలేదు. రాళ్ళ మధ్య రాళ్ళ రంగులో నాలుగు గుడ్లు. పిట్ట తిరిగి రావాలంటే మనిషి మాయమవ్వాలి. గట్టు మీది చొప్పకట్టలు నిలబెట్టి, వాటి మధ్య నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు రాహేలమ్మ మొదటిసారి నవ్వింది. "కదలమాకండి మేస్టారూ. మా ఎద్దు వచ్చి మేత అనుకుంటే మేం చెప్పలేం," అంది.

చొప్ప దురద, చెమట, కాళ్ళ తిమ్మిరి. వాళ్ళిద్దరూ దూరంగా వెళ్ళిపోయాక, చాలాసేపటికి పిట్ట దిగింది. నేరుగా రాలేదు. నాలుగడుగులు పరిగెత్తి ఆగింది, అటు చూసింది, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పరిగెత్తింది. చివరికి రెక్కలు కొంచెం విదిలించి గుడ్ల మీద కూర్చుంది. కూర్చున్న క్షణం అది మాయమైంది. కంటి ముందు ఎర్రటి రేఖ ఒకటి తప్ప మిగిలిందంతా మట్టిలో కలిసిపోయింది. మీట నొక్కాను. నా కెమెరాకి దూరాన్ని దగ్గర చేసే అద్దం లేదు, ఉన్నంతలో తీశాను.

అప్పుడే పిట్ట ఒక్కసారిగా అరిచి లేచింది. చేలోకి ఎవరో సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు. కామందే. కెమెరా వేసుకుని ఎవరో దిగారని హోటల్లో విని వచ్చాడు. ఇంకోసారి ఊరి పేరు పత్రికలో పడుతుందని ఆయన భయం. అవతలి గట్టు మీదున్న దావీదు, రాహేలమ్మ పరిగెత్తుకొచ్చారు. నేను చొప్పలోంచి లేచి నిలబడితే ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ, నాతో మాట్లాడలేదు. ఆయన చూపు దుక్కి మీద పడింది.

"ఎవుర్రా ఈ సాళ్ళు దున్నింది? పాము పాకినట్టుండాయి."

"నేనేనయ్యా," అన్నాడు దావీదు.

"ఇన్నేళ్ళు రైలుపట్టాలు చూసినోడివి, ఒక్క సాలు తిన్నగా పొయ్యలేవంట్రా?"

దావీదు తల వంచుకున్నాడు. కామందు ముందుకి అడుగు వేయబోయాడు. రాహేలమ్మ అడ్డం వచ్చింది. "ఆగయ్యా, కాలు ఎయ్యమాక. నీ ముందరే గుడ్లుండాయి."

తీతువు ఆయన తలపాగాని తాకుతుందా అన్నంత కిందికి దూకి, అరిచి, మళ్ళీ లేచింది. ఆయన ఎత్తిన కాలు వెనక్కి పెట్టి కిందికి చూశాడు. ఆయనకీ మొదట ఏమీ కనపడలేదు, తరవాత కనపడ్డాయి. కానీ ఆయన ఎక్కువసేపు చూసింది గుడ్లని కాదు, నాగలి చాళ్ళని. ప్రతి చాలూ గట్టు నుంచి గీత గీసినట్టు వచ్చి, ఆ చోటు దగ్గర పక్కకి వంగి, దాటాక మళ్ళీ తిన్నగా పోయింది. నేను కూడా అప్పుడే గమనించాను. ఇంతసేపూ పిట్ట కోసం చూస్తూ దుక్కిని చూడలేదు.

"ఎడ్లు మళ్ళాయా, నువ్వు మళ్ళించావా?" అన్నాడు కామందు.

"నేనే మళ్ళించానయ్యా. ఎద్దుకేం తెలుసుద్ది."

"ఇంత నేల బీడు పెట్టావే."

"మా వాటాలో తగ్గించుకోవయ్యా," అంది రాహేలమ్మ.

ఆయన వంగి ఒక చాలు అంచు మట్టి చేత్తో నలిపి చూశాడు. నాలుగు రోజుల కిందటి దుక్కి, నా ఫోటో కోసం చేసింది కాదని ఆ చేతికి తెలిసిపోయింది. పత్రికలో అచ్చయింది ఎవరైనా రాయవచ్చు. నలుగురిలో నవ్వులపాలయ్యే వంకర చాలు ఏ రైతూ ఊరికే దున్నడు. "గుడ్లు కూర చేసుకునేవోళ్ళు వాటి చుట్టూ దున్నరులే," అన్నాడు, మాతో కాదు, తన చెప్పులతో. సైకిలు తిప్పుకుంటూ, "ఉగాదినాడు పొద్దున్నే రా దావీదూ, కౌలు మాట్లాడుకుందాం," అని వెళ్ళిపోయాడు. పొరపాటు పడ్డానన్న మాట నోటి వెంట రాలేదు. వస్తుందేమోనని రాహేలమ్మ కాసేపు ఆయన వెనక చూసింది, నేనూ చూశాను.

సాయంత్రం గుంటూరు వైపు ప్యాసింజరు ఉంది, చీకటిపడకముందే స్టేషను చేరండి. బాట దాకా దిగబెట్టడానికి వచ్చిన రాహేలమ్మ, "ఇంకెవరన్నా సూదీ దారం అడిగితే ముందు ఊడిన గుండీ చూపియ్యమంటా," అంది.

ఫోటో కడిగించి, జరిగిందంతా రాసి, ఆ వారపత్రికకి పంపాను. ఇందులో పిట్ట లేదని ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. పఠన మందిరం కార్యదర్శి అటూ ఇటూ తిప్పి చూసి, రాళ్ళని తీయడానికి నడికుడి దాకా వెళ్ళాలా మాస్టారూ అన్నాడు. చీపురుపుల్ల కన్ను ఇప్పటికీ ఆ బీరువా మీదే ఉంది, వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటున్నారు. ప్లీడరు ఇప్పుడు నెమళ్ళ మీద రాస్తున్నాడని విన్నాను. చచ్చిన పిట్ట కొమ్మ మీద స్పష్టంగా కనపడుతుంది, దానికి దాక్కోవలసిన అవసరం తీరిపోయింది. బతికున్నది దాక్కుంటుంది. అది తెలియనివాళ్ళు పత్రికలు నడుపుతున్నారు, గ్రంథాలయాలు నడుపుతున్నారు, కోర్టుల్లో నిజం కోసం వాదిస్తున్నారు. ఈ వ్యాసంతో పాటు నా ఫోటో కూడా పంపుతున్నాను; ఈ సంపాదకుడైనా వేస్తాడేమో చూడాలి. వేస్తే, పిట్ట కోసం వెతక్కండి. కింది నుంచి వస్తున్న చాళ్ళ మీద వేలు పెట్టి నెమ్మదిగా పైకి వెళ్ళండి. అవి ఎక్కడ వంపు తిరిగాయో అక్కడ ఆగి చూడండి, అది అక్కడే ఉంది. స్వయంగా వెళ్ళినా చెయ్యవలసింది అదే: దున్నిన చేలో కొమ్మల వైపు కాకుండా నేల చూసుకుంటూ నడవండి, చాలు వంగిన చోటుకి ఇవతలే ఆగిపోండి. అక్కడ ఎవరో మీకంటే ముందే ఎడ్లని మళ్ళించారు.